మూడు నెలల సర్టిఫికెట్లు చాలు, మన్యానికి రెండేళ్ల చదువు కావాలి

రాష్ట్ర విద్య, ఐటీ శాఖల మంత్రి శ్రీ నారా లోకేశ్ గారికి,



చదువు చెప్పించే శాఖ, ఐటీ ఉద్యోగాలు రప్పించే శాఖ ఒకే మంత్రి దగ్గర ఉండటం ఎప్పుడోగానీ జరగదు. ఇప్పుడు ఆ రెండూ మీ దగ్గరున్నాయి. మన్యం పిల్లల సంగతి ఇన్నాళ్లూ ఆ రెండు శాఖల మధ్య ఎవరికీ పట్టకుండా ఉండిపోయింది కాబట్టి ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను. నేను అరకు ప్రాంతంలో ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్తుంటాను. ఇక్కడ రాసేదంతా వాళ్ల పక్కన కూర్చుని తెలుసుకున్నదే.

2025 అక్టోబరు 14న విశాఖకు గూగుల్ ఏఐ కేంద్రం వస్తోందని ప్రకటించారు. అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి అన్నారు. దానికంటే ముందే రుషికొండ మీద టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసల నామమాత్రపు ధరకు ఇచ్చారు, 12 వేల ఉద్యోగాలు వస్తాయన్నారు. కాపులుప్పాడలో కాగ్నిజెంట్‌కూ అదే పద్ధతిలో భూమి ఇచ్చారు, అక్కడ 8 వేల ఉద్యోగాలన్నారు. ఈ వార్తలు మా పిల్లల ఫోన్లలోకీ వచ్చాయి. మర్నాడు క్లాసులో ఒకమ్మాయి లేచి, "సార్, అందులో మనకేమైనా ఉంటదా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు నా చేతిలో లేదు, మీ చేతిలో ఉంది.

అరకు నుంచి విశాఖ 115 కిలోమీటర్లు. అంత దూరం ఈ పిల్లలకు ఒక లెక్క కాదు. వారపు సంతకు పసుపు, పిప్పళ్లు, రాజ్మా మోసుకుని కొండలు దిగి ఎక్కే ఇళ్లలో పుట్టారు. వాళ్లకు అడ్డం పడేది వేరే దూరం. విశాఖలో ఇంజనీరింగ్ చదివే పిల్లవాడికి మూడో తరగతిలోనే ఇంట్లో కంప్యూటర్ ఉంటుంది. పెదబయలు ఆశ్రమ పాఠశాల నుంచి వచ్చిన పిల్లవాడు డిగ్రీ మొదటి సంవత్సరంలో గానీ కీబోర్డు మీద చెయ్యి పెట్టడు. ఆ పదేళ్ల తేడాను మూడు నెలల కోర్సుతో పూడుస్తామని అనుకోవడం దగ్గరే మన కథ దారి తప్పుతోంది.

ఏజెన్సీలో టెక్నాలజీ శిక్షణ అనగానే జరిగేది ఏమిటో మీ అధికారులకు బాగా తెలుసు. ఏదో సంస్థ వస్తుంది, పిల్లల్ని బస్సెక్కిస్తుంది. మైదానంలో ఎక్కడో ఒక భవనంలో ఎంఎస్ ఆఫీస్, కాస్త ఇంగ్లిషు, ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో చెబుతారు. ఫొటో తీసి సర్టిఫికెట్ ఇస్తారు. ఆ తరవాత ప్లేస్‌మెంట్. నేర్చుకున్నది కంప్యూటర్ అయినా చేరేది ఏ బట్టల మిల్లులోనో, సెల్‌ఫోన్ల ఫ్యాక్టరీలోనో, షాపింగ్ మాల్ కౌంటర్ దగ్గరో. వచ్చే జీతంలో సగం గది అద్దెకు, తిండికి పోతుంది. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదని కబురొస్తే సెలవు దొరకదు. సంక్రాంతికి ఇంటికొచ్చిన పిల్లలు మళ్లీ వెళ్లరు. అప్పటికి మూడు నెలలు ఉద్యోగంలో ఉన్నట్టు కాగితం మీద నమోదై ఉంటుంది, సంస్థకు రావలసింది వచ్చేసి ఉంటుంది. పిల్లవాడు మాత్రం ఇంటి దగ్గర, "కొండోళ్లు నిలవరు" అన్న మాట మోస్తూ మిగులుతాడు. ఈ మాటే నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగిస్తుంది. నిలబడటానికి చోటే ఇవ్వకుండా నిలవరని ముద్ర వేస్తున్నాం.

క్లాసులో నేను రోజూ చూసేది ఒకటి చెప్తాను. మా పిల్లలకు ఫోను కొట్టిన పిండి. దింసా ఆడుతుంటే వీడియో తీసి, పాట కలిపి, రీలు చేసి నిమిషాల్లో పెట్టేస్తారు. బొటనవేలితో తెలుగు టకటకా కొడతారు. అదే పిల్లవాణ్ని కంప్యూటర్ ముందు కూర్చోబెడితే మొదటివారం మౌసు పట్టుకున్న చెయ్యి బిగుసుకుపోయి ఉంటుంది. ఒక పేజీ కష్టపడి టైపు చేస్తాడు, సేవ్ చేస్తాడు, మర్నాడు వచ్చి "సార్, నాది పోయింది" అంటాడు. పోలేదు, ఎక్కడ పెట్టాడో తెలియదు అంతే. ఫోనులో ఫైలు అనేది ఎక్కడుందో ఎవరూ వెతకరు, యాప్ తెరిస్తే కనబడుతుంది. ఫోల్డరు లోపల ఫోల్డరు, దానికో దారి, దానికో పేరు అన్న ఊహే కొత్త. అది పట్టుబడటానికి కొందరికి వారం, కొందరికి రెండు నెలలు. పట్టుబడ్డాక ఆ పిల్లవాడి ముఖం చూడాలి. అక్కడి నుంచి స్ప్రెడ్‌షీటు, స్ప్రెడ్‌షీటు నుంచి చిన్న ప్రోగ్రాము. తెలివికి లోటు లేదు. కావలసింది కాలం, పక్కన కూర్చుని చెప్పే మనిషి. మూడు నెలల కోర్సు సరిగ్గా ఆ ముఖం వెలిగే వేళకే ముగిసిపోతుంది.

"ఇప్పుడు నెట్ వచ్చింది కదా, యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి, నేర్చుకోవాలనుంటే ఎవరాపారు" అనే పెద్దలున్నారు. నెట్ వచ్చిన మాట నిజమే. 2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేసారి ప్రారంభించిన 100 టవర్లలో 85 మా అల్లూరి సీతారామరాజు జిల్లాలోవే. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగూడ మండలం పెదపాడులో పవన్ కల్యాణ్ గారు అడవి తల్లి బాట రోడ్ల పనులు మొదలుపెట్టారు. డోలీ మోతలు ఆగాలంటే ఆ రోడ్లు కావాలి, వాటికి మేము కృతజ్ఞులం. రోడ్డు వస్తోంది, టవరు వస్తోంది. వాటి వెంట మాస్టారు మాత్రం రావడం లేదు. కరెంటు పోతే టవరూ పోతుందని, వానాకాలంలో ఓటీపీ కోసం ఇప్పటికీ గట్టెక్కాలని కూడా తమరికి తెలియాలి. యూట్యూబ్ పాఠం ఎక్కువగా హిందీలోనో ఇంగ్లిషులోనో ఉంటుంది. తెలుగే రెండో భాష అయిన పిల్లకు అది మూడో మెట్టు.

యంత్రాలిచ్చి మనిషిని ఇవ్వకపోతే ఏమవుతుందో ఈ రాష్ట్రం ఒకసారి చూసింది. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో వేల ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ గదులు పెట్టారు, బోధకుల్ని పెట్టారు. అయిదేళ్ల ఒప్పందం ముగిసింది, 2013లో బోధకులు ఇంటిబాట పట్టారు, కంప్యూటర్లు గదుల్లో తాళం వెనక మిగిలాయి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచారు. కేంద్రం 2017 నుంచి 2024 వరకు ఆరు కోట్ల గ్రామీణ కుటుంబాలకు డిజిటల్ అక్షరాస్యత అంటూ 20 గంటల కోర్సు నడిపింది. వీటిలో ఏదీ చెడ్డది కాదు. దేనితోనూ ఒక పిల్ల జీవనోపాధి నిలబడలేదంతే.

మా పిల్లలకు ఇప్పుడే ఈ తొందర ఎందుకొచ్చిందో చెప్పకపోతే ఈ ఉత్తరం అసంపూర్ణం. మన్యంలో చదువుకున్నవాడికి నిన్నమొన్నటి వరకు ఒకటే దారి, టీచరు ఉద్యోగం. చంద్రబాబు నాయుడు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, 2000 జనవరి 10న ఇచ్చిన జీవో నెంబరు 3 ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే. ఆ ఒక్క జీవో ఎన్ని ఇళ్లలో దీపం పెట్టిందో మాకు తెలుసు. డీఎడ్ అయితే చాలు, పక్క ఊరి బడిలోనే ఉద్యోగం, పిల్లల భాష తెలిసిన మాస్టారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలు పోలేదు గానీ, వెనక వస్తున్న పిల్లలకు తలుపు మూసుకుపోయింది. 2025లో మీరు 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ నడిపినప్పుడు మన్యం బంద్‌లు జరిగింది ఈ బాధతోనే. నేను టెక్నాలజీ చదువు అడుగుతున్నానని, ఇది జీవో 3కి బదులు అని దయచేసి అనుకోకండి. ఆ హక్కును చట్టంగా తిరిగి తేవలసిందే. కువి భాష మాట్లాడే పిల్లకు కువి వచ్చిన టీచరు ఉండాలి. నేను అడుగుతున్నది దానికి తోడుగా రెండో దారి.

ఆ రెండో దారికి ఎంత కాలం కావాలి? కనీసం రెండేళ్లు కావాలని నా అభిప్రాయం. ఇది గాలిలోంచి తీసిన లెక్క కాదు. 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీలనే చూడండి. నూజివీడు, ఇడుపులపాయ, బాసర. పదో తరగతి అయిన పల్లెటూరి పిల్లల్ని తీసుకుని, హాస్టల్లో పెట్టి, ల్యాప్‌టాప్ చేతికిచ్చి, ఆరేళ్లు చదివించారు. సర్కారు బడి పిల్లలకు అదనపు మార్కులు కలిపారు. ఆ ఆరేళ్లే వాళ్లను ఇంజనీర్లను చేశాయి. తమిళనాడులో జోహో కంపెనీ 2005 నుంచి ఇంటర్, డిప్లొమా పిల్లల్ని తీసుకుని రెండేళ్లు ఫీజు లేకుండా, నెలనెలా స్టైపెండు ఇస్తూ చదివిస్తోంది. తెన్కాసి లాంటి చిన్న ఊళ్లోనూ ఆ బడి నడుస్తోంది. అంత దూరం ఎందుకు? మా ఊరి మీదుగా పోయే కిరండూల్ రైలు చివరికి చేరే దంతెవాడ జిల్లాలో నవగురుకుల్ అనే సంస్థ వసతితో కలిపి ప్రోగ్రామింగ్ నేర్పే కేంద్రం పెట్టింది. దంతెవాడలో అయిన పని అరకులో కాదా?

కొండ మీద చదువుకున్నా చేసే పని కొండ మీద ఎక్కడుంది అని మీరు అడగవచ్చు. ఉంది. ఇప్పుడే ఉంది. మా కాఫీ తోటల్లోకి ఒకసారి రండి.

రెండు లక్షలకు పైగా ఆదివాసీ కుటుంబాలు సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల పక్కన కాఫీ పండిస్తున్నాయి. 2017లో ప్యారిస్‌లో అరకు పేరుతో దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. యూరోపియన్ యూనియన్ 2023లో ఒక చట్టం చేసింది. 2020 డిసెంబరు 31 తరవాత అడవి కొట్టిన నేలలో పండిన కాఫీని తమ మార్కెట్లోకి రానివ్వరు. ఆ సంగతి రుజువు చేయడానికి పంట పండిన ప్రతి భూమి చెక్క అక్షాంశ రేఖాంశాలూ నమోదై ఉండాలి. అమలు తేదీ వాయిదాలు పడింది గానీ చట్టం పోలేదు. ఇప్పుడు ఆలోచించండి. ఎకరం, ఎకరంన్నర చొప్పున కొండ వాలుల్లో చెదిరి ఉన్న వేలాది తోటల్ని ఎవరు నడిచి కొలుస్తారు? ఏ రైతు తోట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, మధ్యలో వాగు ఎటు తిరుగుతుందో తెలిసినవాళ్లు ఆ ఊరి పిల్లలే. జీపీఎస్ పట్టుకోవడం, ఆ బిందువుల్ని పటం మీదకు ఎక్కించడం, తప్పుల్ని సరిచూడటం, రికార్డు నడపడం వాళ్లకు నేర్పితే ఆ పని ఏటా ఉంటుంది.

2025లో అరకు తోటల్లో కాయ తొలుచు పురుగు కనబడింది. అధికారులు, రైతులు తోట తోటా తిరిగి, పురుగు పట్టిన కాయలు ఏరించి నాశనం చేయించాల్సి వచ్చింది. ఆ పురుగు చాలా చిన్నది. కాయ కొసన సూదిమొన గుచ్చినంత రంధ్రం ఉంటుంది, దగ్గర పెట్టుకుని చూస్తే గానీ కనబడదు. ఏ తోటలో, ఏ వైపు, ఎన్ని చెట్లకు అనేది రోజురోజూ పటం మీద కనబడితే అది ఎటు పాకుతోందో ముందే తెలుస్తుంది. దానికి పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ అక్కర్లేదు. ఫోను ఫొటో, తేదీ, చోటు, ఒక పట్టిక, దాన్ని చదవగలిగిన ఊరి కుర్రాడు చాలు. పండు కోశాక పల్పింగ్, ఎండబెట్టడం, పార్చ్‌మెంట్‌లో తేమ ఎంత ఉందో మీటరుతో చూడటం, ఏ సంచి ఏ ఊరిదో రాసి ఉంచడం ఇవన్నీ లెక్కలతో ముడిపడ్డ పనులే. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థకు, కాఫీ బోర్డుకు, రైతు సంఘాలకు ఇలాంటి మనుషులు కావాలి. ఇప్పుడు వాళ్లు బయటి నుంచి వస్తున్నారు. బయటి మనుషులు వచ్చి వెళ్లిపోతారు.

భూమి సంగతీ అంతే. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టాలిచ్చేటప్పుడు జీపీఎస్‌తో కొలిచారు. గీత ఒక్క చోట పక్కకు పోతే తాతల నాటి పోడు అడవి లెక్కలోకి పోతుంది. ఆ పటం చదవడం వచ్చిన పిల్ల ఊళ్లో ఒక్కతి ఉంటే ఆ గీత అక్కడే సరిపోతుంది. ఉపాధి హామీలో 2023 జనవరి 1 నుంచి రోజుకు రెండుసార్లు ఫొటో హాజరు తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేని చోట పని చేసినా కూలి రాని రోజులు మా తల్లులకు తెలుసు. ఆధార్‌లో పేరు ఒక రకంగా, బ్యాంకులో ఇంకో రకంగా పడితే పింఛను ఆగుతుంది. 2025 జనవరి 30న మీరు ప్రారంభించిన మన మిత్ర వాట్సాప్ సేవ 161 సేవలతో మొదలైంది. నిజంగా మంచి పని. కానీ చదువురాని అవ్వకు ఆ సేవ అందాలంటే మధ్యలో ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఊరి పిల్లే అయితే, ఆమెకు దాని మీద జీతం ఉంటే, టెక్నాలజీ మా మీద పడకుండా మా చేతిలో ఉంటుంది.

ఇక భాష. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, మన్నించాలి, నాకు ఇది ప్రాణం. 2025 సెప్టెంబరు 1న కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఆది వాణి అనే అనువాద యాప్ తెచ్చింది. సంతాలీ, భీలీ, ముండారీ, గోండీ భాషలతో మొదలుపెట్టి, తరవాత కుయి, గారో అన్నారు. మా కొండల్లో మాట్లాడే కువి అందులో లేదు. కొండ భాష లేదు, ఆదివాసీ ఒడియా లేదు, పార్వతీపురం వైపు సవర లేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఒక్కరే సవర నేర్చుకుని, వాచకాలు రాసి, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. మన రాష్ట్రమే 2004 నుంచి కువి, కొండ, సవర, కోయ, ఆదివాసీ ఒడియా వంటి భాషల్లో చిన్నతరగతుల పుస్తకాలు వేయించింది. ఆ పనికి వారసులు ఇప్పుడు ఈ పిల్లలే కావాలి. ఒక భాషను యంత్రానికి నేర్పాలంటే వేల గంటల మాటలు రికార్డు చేయాలి, విని రాయాలి, అర్థం సరిచూడాలి, ముసలివాళ్ల దగ్గర కూర్చుని చెట్ల పేర్లు, రోగాల పేర్లు, విత్తనాల పేర్లు అడగాలి. ఏ బెంగళూరు ఇంజనీరూ ఈ పని చేయలేడు. ఇది చేయగలిగిన అర్హత ఉన్నది మా పిల్లలకు మాత్రమే. ఇప్పటిదాకా బళ్లో నామోషీగా దాచుకున్న భాష ఇక్కడ జీతం తెచ్చే నైపుణ్యం అవుతుంది. బెంగళూరులోని కార్య సంస్థ ఇలాంటి పనికి గ్రామీణులకు మర్యాదైన కూలి ఇస్తోంది. కర్నూలు జిల్లా ఎమ్మిగనూరులో ఇండీవిలేజ్ ఎన్నో ఏళ్లుగా స్థానిక యువతతో డేటా పని చేయిస్తోంది. పాడేరులోనూ, అరకులోనూ ఆ పని చేయించవచ్చు. ఒక్క షరతు. ఆ మాటలు, ఆ పాటలు ఊరి సొత్తు. ఊరి ఒప్పుకోలు లేకుండా తీసుకోకూడదు, తీసుకున్నదానికి ఊరికి హక్కు ఉండాలి.

ఏఐ వచ్చాక చిన్న ఉద్యోగాలన్నీ పోతాయంటున్నారు కదా అని నా సహోద్యోగి ఒకాయన వాదిస్తారు. డేటా ఎంట్రీ, టైపింగు లాంటివి పోతున్న మాట నిజం. అందుకే ఇంకా వాటికే శిక్షణ ఇవ్వడం పిల్లల్ని మోసం చేసినట్టు. కొండ ఎక్కి తోట చూసి, రైతు భాషలో అడిగి, విన్నదాన్ని పటంగా, పట్టికగా మార్చే పని అంత తొందరగా యంత్రానికి పోదు. ఆ పని చేసే వాళ్లకు ఏఐ ఒక పనిముట్టు అవుతుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పల్లెకు ఐటీ తెస్తామన్న ప్రయత్నం మన తెలుగు నేల మీద ఒకటి జరిగింది. పశ్చిమ గోదావరి జిల్లా జల్లికాకినాడలో బైర్రాజు ఫౌండేషన్ గ్రామ్ ఐటీ పేరుతో ఊళ్లోనే కార్యాలయం పెట్టి ఊరి పిల్లలతో కంపెనీ పనులు చేయించింది. చాలా గొప్ప ఆలోచన. దాని వెనకున్న సత్యం కంప్యూటర్స్ కంపెనీ 2009 జనవరిలో కుప్పకూలేసరికి ఆ ప్రయత్నానికి పెద్ద దెబ్బ తగిలింది. ఒక్క కంపెనీ దయ మీద నిలబడేది దానితోనే పడుతుంది. కాబట్టి కొండ మీద పెట్టేది ప్రభుత్వ చదువుగా ఉండాలి, కంపెనీలు దానికి తోడు రావాలి.

మన్యం ఇప్పటికే రాష్ట్రానికి చాలా ఇచ్చింది. మాచ్‌ఖండ్‌లో 1955 నుంచి కరెంటు పుడుతోంది, ఆ తరవాత సీలేరు. ముంపులో ఊళ్లు పోయినవాళ్లకు ఎన్నో ఏళ్లు ఆ కరెంటు దీపం చేరలేదు. 1960ల్లో మా కొండల్ని తొలిచి రైలు వేసింది బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి. ఇప్పుడు అనంతగిరి కొండల్లో పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులంటున్నారు, ఊళ్లు వద్దంటున్నాయి. విశాఖ డేటా కేంద్రానికి గిగావాట్ కరెంటు కావాలి. కింద కూర్చునే ఉద్యోగాలకు పైనుంచి నీళ్లూ కరెంటూ పోయేటప్పుడు, ఆ ఉద్యోగాల్లో వాటా పైకి రావాలని అడగడం అత్యాశ కాదు.

అడిగేది చాలా మామూలుది. సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కట్టించిన యువజన శిక్షణ కేంద్రాలు మన్యంలో ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని అరకులో, ఒకదాన్ని పాడేరులో పూర్తిగా ఈ పనికి ఇప్పించండి. రెండేళ్ల వసతి చదువు. మొదటి ఆరు నెలలు లెక్కలు, ఇంగ్లిషు, కంప్యూటర్ మూలాలు, పిల్లవాడికి పట్టుబడే వరకు. ఆ తరవాత ప్రోగ్రామింగు, పటాల పని, భాష పని, కాఫీ రికార్డులు, వాళ్లకు ఏది ఇష్టమైతే అది. చివరి ఆరు నెలలు నిజమైన పని, దానికి డబ్బు. మొదటి నెల నుంచే స్టైపెండు ఉండాలి, ఎందుకంటే కాఫీ కోత నెలల్లో పిల్ల ఇంట్లో లేకపోతే ఆ ఇంటికి కూలి నష్టం. ఆ నష్టం భర్తీ కాకపోతే తల్లిదండ్రులు పంపరు, వాళ్లది తప్పు కాదు. ఇంటర్ తప్పిన పిల్లల్ని కూడా తీసుకోండి. లెక్కల్లో తప్పిన పిల్లలు నా దగ్గర మంచి ప్రోగ్రాములు రాశారు. బడిలో లెక్కలు అర్థం కాని భాషలో చెప్పారంతే.

ఆడపిల్లల గురించి మరీ చెప్పాలి. విశాఖ, హైదరాబాదు పంపడానికి భయపడే తల్లిదండ్రులు అరకు హాస్టలుకు పంపుతారు. నర్సింగు ఒక్కటే ఆడపిల్లకు దారి అనుకున్న ఇళ్లలో ఇది ఇంకో దారి చూపిస్తుంది. బాలికలకు సగం సీట్లు, మహిళా వార్డెను, హాస్టల్లో కరెంటూ నెట్టూ ఆగకుండా ఏర్పాటు, ఇవి ముందే రాసి పెట్టించండి.

మీరు భూములిచ్చిన కంపెనీలను ఈ విషయంలో పిలవండి. డబ్బు అడగక్కర్లేదు. మార్చేసిన ల్యాప్‌టాప్‌లు, నెలకోసారి వచ్చి పిల్లలతో కూర్చునే ఇంజనీర్లు, చదువు ముగిశాక డిగ్రీ కాగితం అడక్కుండా పని చూసి తీసుకునే కొన్ని ఉద్యోగాలు, ఇంతే. 99 పైసలకు భూమి తీసుకున్న వాళ్లకు ఇది బరువు కాదు. ఒప్పంద పత్రాల్లో ఒక వాక్యం చేర్చాల్సింది మీరు.

విశాఖ వెళ్లి, బెంగళూరు వెళ్లి, అమెరికా వెళ్లి పని చేసే పిల్లలు మా కొండల నుంచీ రావాలి. వెళ్లడం చేతకాక ఇంటి దగ్గర ఉండిపోవడం వేరు, వెళ్లగలిగీ ఇంటి దగ్గర ఉండి పని చేయడం వేరు. ఇంటి నుంచే పని, ఊళ్లోనే పని చేసుకునే కార్యాలయాలు అని ప్రభుత్వం చెబుతోంది కదా, ఆ మాటకు మొదటి ఊరు పాడేరు కావచ్చు.

విద్యా సంవత్సరం జూన్‌లో మొదలవుతుంది. ఇంటర్ ఫలితాలు రాగానే మా పిల్లలు మళ్లీ ఏ బస్సెక్కాలో అని చూస్తారు. ఆ లోపల ఒక్క కేంద్రానికైనా, ఒక్క తరగతికైనా ఉత్తర్వు ఇప్పించండి. భవనం ఉంది, పిల్లలున్నారు, చెప్పడానికి మేమున్నాం.

ఇట్లు,
అరకు లోయ నుంచి ఒక కంప్యూటర్ మాస్టారు